మనిషి మీద పడితే స్పీకర్ ఆపాలి

ఈసారి పోస్టు పెద్దది. సైట్లో చదవొద్దు, రూముకెళ్ళి అన్నం తిన్నాక చదవండి.

కిందటి వారం ముగ్గురు నలుగురు అడిగారు, "మీ ఆపద చందా మళ్ళీ నడుస్తోందట కదా, మాది కొట్లాటతో మూతపడింది, మీరేం చేశారు" అని. ఒక్క ముక్కలో చెప్పలేం. ముందు మా గొడవ చెప్తాం, తర్వాత ఈ దేశం వాళ్ళ గొడవ. మాది ఒక ఏడాది గొడవ, వాళ్ళది నాలుగు వందల ఏళ్ళది. మేము వాళ్ళ దగ్గరే కొంత నేర్చుకున్నాం, వాళ్ళు చేసిన తప్పే మేమూ చేశాం.

మేము ముప్పై నాలుగు మందిమి, తూర్పు లండన్‌లో నాలుగు ఇళ్ళలో ఉంటాం. నెలకు తలా పది పౌండ్లు వేస్తాం. దెబ్బ తగిలి పనికి పోలేనోడికి, ఊళ్ళో తల్లో తండ్రో పోతే టికెట్టుకు, మనోడే ఇక్కడ పోతే పెట్టె ఊరికి చేర్చడానికి. లెక్క పుస్తకం ఒక పెద్దాయన దగ్గర ఉండేది, అందరం బాబాయ్ అంటాం. ఒక ఆదివారం నిజామాబాద్ తమ్ముడొకడు లేచి, పోయిన శవం పంపిన నెల లెక్క చూపించమన్నాడు. అడగడం తప్పు కాదు. బాబాయ్ "నన్నే అడుగుతావా" అన్నాడు. వాడు "శవం మీద చిల్లర ఏరుకున్నావా" అన్నాడు. బాబాయ్ వాడి ఊరినీ, వాడి అమ్మనీ కలిపి ఒక మాటన్నాడు. ఆ మాట ఇక్కడ రాయం. పుస్తకం గోడకేసి కొట్టి వెళ్ళిపోయాడు.

మూడు నెలలు చందా ఆగిపోయింది. ఆ మూడు నెలల్లోనే మా ఇంట్లో కుర్రోడు పని బల్ల మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మనలో చాలామందిలాగే వాడూ సెల్ఫ్ ఎంప్లాయిడ్, సిక్ పే ఉండదు. ఆరు వారాలు చెయ్యి కట్టుకుని కూర్చున్నాడు. నిధిలో డబ్బుంది, తీసే మనిషి లేడు. ఒక్క తిట్టు ఖరీదు అది.

ఆ రోజుల్లోనే ఒక శనివారం మా ఇంటోళ్ళం ఆరుగురం వెస్ట్‌మిన్‌స్టర్ పార్లమెంటు చూడ్డానికి వెళ్ళాం. టికెట్టు కొంటే హౌస్ ఆఫ్ కామన్స్ లోపలికి కూడా తీసుకెళ్తారు, బెంచీల మీద మాత్రం కూర్చోనివ్వరు. మన పనోళ్ళకి ముందు కనబడేది కట్టడమే కదా. ఆ హాలు పాతది కాదు. 1941 మేలో జర్మనీ బాంబులకి కాలిపోయింది. గైల్స్ గిల్బర్ట్ స్కాట్ అనే ఆర్కిటెక్టు మళ్ళీ కట్టాడు, 1950లో తెరిచారు. సభ్యులు 650 మంది, సీట్లు 427. పెద్దగా కట్టొద్దు, పాత హాలు లాగే ఇరుకుగా, రెండు పక్షాలూ ఎదురెదురుగా ఉండాలి అని చర్చిలే పట్టుబట్టాడట. స్పీకర్ కుర్చీ ఆస్ట్రేలియా ఇచ్చింది, బల్ల కెనడా ఇచ్చింది, లోపలికెళ్ళే తలుపులు ఇండియా, పాకిస్తాన్ ఇచ్చాయి. ఆ తలుపు చెక్కను మాలో వడ్రంగం తెలిసినోడు వేలితో తట్టి చూసి, "గట్టిదే" అన్నాడు.

కింద కార్పెట్ మీద రెండు ఎర్ర గీతలున్నాయి. రెండు కత్తుల పొడవుకి మించి దూరం ఉంటుందని, ఇవతలోడు కత్తి దూసినా అవతలోడికి తగలకుండా పెట్టారని చెప్తారు. కథ నిజమో కాదో గానీ, మాట్లాడేవాడు ఆ గీత దాటకూడదన్న రూలు మాత్రం ఇప్పటికీ ఉంది. కోటు తగిలించుకునే గదిలో కత్తి వేలాడదీయడానికి రిబ్బన్లు కూడా ఉన్నాయి.

మాకు ఆ గీతలు నచ్చాయి. ఇంటికొచ్చాక వారం పది రోజులు దీని గురించే చదివాం. ఇంగ్లీషు బాగా వచ్చినోడు ఒకడు చదివి చెప్తుంటే మిగతావాళ్ళం విన్నాం.

1604లో, మొదటి జేమ్స్ రాజు కాలంలో, ఆ సభ ఒక కట్టుబాటు పెట్టుకుంది. విషయం వదిలేసి మనిషి మీద పడేవాణ్ణి స్పీకర్ ఆపాలి, ఎత్తిపొడుపు మాటలు వాడకూడదు అని. అప్పటికి ఈస్టిండియా కంపెనీ పుట్టి నాలుగేళ్ళు కూడా నిండలేదు. మన మచిలీపట్నంలో వాళ్ళు కొట్టు పెట్టింది ఆ తర్వాత, 1611లో. అంటే మన దేశానికి రాకముందే వీళ్ళు తమలో తాము ఎలా తిట్టుకోకుండా ఉండాలో రాసుకున్నారు. (మనల్ని తిట్టడానికి ఆ రూలు అడ్డం రాలేదు. అది వేరే పోస్టు.)

వాళ్ళు వాడిన ఉపాయం ఏంటంటే, సభలో ఎవడూ ఎవడితోనూ నేరుగా మాట్లాడడు. ప్రతి మాటా స్పీకర్‌తోనే చెప్పాలి. అవతలోణ్ణి పేరు పెట్టి పిలవకూడదు, "ఫలానా ఊరి గౌరవ సభ్యుడు" అనాలి. "మీరు" అంటే ఆ సభలో స్పీకర్ ఒక్కడే. ఇది విన్నప్పుడు మాకు నవ్వొచ్చింది. తర్వాత మన కొట్లాటలు గుర్తు చేసుకున్నాం. మన గొడవల్లో మొదటి దెబ్బ తిట్టు కాదు. అప్పటిదాకా "మీరు" అన్నోడు "నువ్వు" అనడం, అదీ మొదటి దెబ్బ. "నువ్వు" అన్నాక "ఏంట్రా"కి ఎంతసేపు? మధ్యలో ఒక మనిషిని పెట్టి ఆయనతో మాట్లాడితే "నువ్వు" అనే అవకాశమే లేదు.

ఆ స్పీకర్ కూడా తన పార్టీ వదిలేయాలి, చర్చలో దిగకూడదు. కొత్త స్పీకర్‌ని ఎన్నుకున్నప్పుడు ఇష్టం లేనివాణ్ణి లాక్కెళ్ళినట్టు కుర్చీ దాకా లాగుతారు. పాతకాలంలో రాజుకి నచ్చని కబురు మోసుకెళ్ళాల్సిన పని అది, తలలు పోయిన స్పీకర్లు కూడా ఉన్నారు. అందుకే ఎవడూ ముందుకొచ్చేవాడు కాదు. మా సంఘంలో అధ్యక్షుడి పని ఇస్తామంటే ముప్పై నాలుగు మందీ ఫోన్లు చూసుకోవడం గుర్తొచ్చింది.

తిట్టినోడికి శిక్ష కూడా మెట్లు మెట్లుగా ఉంటుంది. ముందు స్పీకర్ "ఆ మాట వెనక్కి తీసుకోండి" అంటాడు. తీసుకుంటే అక్కడితో అయిపోయింది, మళ్ళీ ఎవడూ ఎత్తకూడదు. తీసుకోకపోతే ఆ రోజుకి బయటికి. ఇంకా మొండికేస్తే స్పీకర్ ఆయన్ని అసలు పేరుతో పిలుస్తాడు. అది ఎంత పెద్ద విషయమో చూడండి, ఆ సభలో పేరు పెట్టి పిలవడమే శిక్ష. అప్పుడు సభ ఓటేసి సస్పెండ్ చేస్తుంది. మొదటిసారి 5 రోజులు, రెండోసారి 20 రోజులు, జీతం కూడా కట్. మన సైట్లలో హెల్మెట్ పెట్టుకోనోడికి ముందు మాట, తర్వాత పసుపు కార్డు, తర్వాత ఎర్ర కార్డు ఇస్తారు కదా, అలాంటిదే. మొదటి తప్పుకే గేటు బయటికి పంపితే సైట్లో మనిషి మిగలడు.

ఇదంతా సాఫీగా వచ్చిందనుకోవద్దు. 1798లో ప్రధానమంత్రి పిట్, జార్జ్ టియర్నీ అనే సభ్యుణ్ణి పట్టుకుని, దేశ రక్షణకి అడ్డుపడుతున్నావన్నట్టు మాట్లాడాడు. టియర్నీ స్పీకర్‌కి చెప్పుకున్నాడు. స్పీకర్ వివరణ అడిగితే పిట్ మాట వెనక్కి తీసుకోనన్నాడు. ఆ ఆదివారమే, మే 27న, ఇద్దరూ లండన్‌లోనే పట్నీ హీత్ మైదానానికి వెళ్ళి పిస్తోళ్ళతో కాల్చుకున్నారు. రెండేసి సార్లు కాల్చినా ఎవరికీ తగల్లేదు. ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తున్న రోజుల్లో దేశ ప్రధాని ఒక మాట కోసం గుండుకి ఎదురు నిలబడ్డాడు. సభలో తేలని మాట మైదానానికి పోతుంది.

1881లో ఇంకో రకం గొడవ. ఐర్లండ్ రైతుల కష్టం మీద ఆ దేశపు సభ్యులు పార్నెల్ వెంట నిలబడి, ప్రభుత్వం తెచ్చిన కఠిన చట్టాన్ని ఆపడానికి వంతులేసుకుని మాట్లాడారు. సభ ఏకబిగిన 41 గంటలు నడిచింది. ఫిబ్రవరి 2న స్పీకర్ బ్రాండ్ తనంతట తాను చర్చ ఆపేశాడు. మర్నాడు 36 మంది ఐరిష్ సభ్యుల్ని సస్పెండ్ చేశారు. సస్పెండ్ చేసే రూలు అంతకు ముందు ఏడాదే పెట్టుకున్నారు. క్రమశిక్షణ కోసం పెట్టిన రూలు ఎవరి నోరు మూయడానికి మొదట పనికొచ్చిందో గమనించండి. 1893లో అదే ఐర్లండ్ బిల్లు మీద సభ మధ్యలోనే పిడిగుద్దులు గుద్దుకున్నారు. "జూడాస్" అని ఒకడు అరిచాడు, అంటే నమ్మించి మోసం చేసినోడు అని. మన దాదాభాయి నౌరోజీ అప్పుడు ఆ సభలో సభ్యుడే. ఆయన్ని అంతకు ముందు 1888లో ప్రధాని సాలిస్‌బరీ ఒక బహిరంగ సభలో "నల్లోడు" అని ఎత్తిపొడిచాడు. సభ బయట అన్న మాటకి స్పీకర్ లేడు, వెనక్కి తీసుకోమనేవాడూ లేడు. ఆ మాట తర్వాత ఈ దేశంలోనే ఆయన పేరు ఊరూరా తెలిసిందంటారు. 1892లో ఫిన్స్‌బరీ ఓటర్లు చేతివేళ్ళ మీద లెక్కపెట్టే మెజారిటీతో ఆయన్ని గెలిపించారు.

మన వాళ్ళ సంగతికొస్తే, లోక్‌సభలో 374ఏ అని ఒక రూలుంది. స్పీకర్ కుర్చీ ముందుకి దూసుకొచ్చి సభ ఆపేవాడి పేరు స్పీకర్ పిలిస్తే చాలు, 5 రోజులు తనంతట తానే సస్పెండ్, ఓటు అక్కర్లేదు. అది 2001 డిసెంబరులో వచ్చింది. అప్పుడు స్పీకర్ ఎవరనుకున్నారు? కోనసీమ బిడ్డ, అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయన. ఆ నవంబరులోనే అన్ని పార్టీల వాళ్ళనీ, ముఖ్యమంత్రుల్నీ పిలిచి సభా మర్యాద మీద సమావేశం పెట్టించాడు. మూడు నెలలు తిరక్కుండా, 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయాడు. ఆ రూలు 2014 ఫిబ్రవరి 13న ఎవరి మీద పడిందో మీకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ బిల్లు రోజు సభలో మిరియాల స్ప్రే కొట్టారు. స్పీకర్ మీరా కుమార్ అదే 374ఏ కింద మన ఆంధ్రప్రదేశ్ ఎంపీల్నే పదుల్లో సస్పెండ్ చేసింది. తెలుగు స్పీకర్ హయాంలో వచ్చిన రూలు తెలుగు వాళ్ళ మీదే పడింది. ఎవరిది రైటు అని ఇక్కడ ఎత్తం, మా ఇళ్ళలో రెండు రాష్ట్రాల వాళ్ళమూ ఒకే పొయ్యి మీద వండుకుంటాం.

సరే, ఇవన్నీ విని మేము మొదటి రూలు రాసుకున్నాం. ప్లాస్టర్‌బోర్డు ముక్క మీద మార్కర్‌తో రాసి హాల్లో పెట్టాం. మనిషిని అనొద్దు, ఊరు, కులం, ఇంటోళ్ళ మాట ఎత్తొద్దు, అధ్యక్షుడితోనే మాట్లాడాలి. నోట్లోంచి మాట తక్కువ వచ్చే ఒక తాపీమేస్త్రిని చేతులు పట్టుకుని లాగి కుర్చీలో కూర్చోబెట్టాం. బాబాయ్‌ని బతిమాలి తీసుకొచ్చాం. చందా మొదలైంది, మాకు మేమే మెచ్చుకున్నాం.

మరుసటి నెల ఆ తమ్ముడు మర్యాదగానే, "అధ్యక్షా, ఆ నెల లెక్క ఇంకా చూపించలేదు" అన్నాడు. బాబాయ్ లేచి, "చూశారా, మళ్ళీ నన్ను దొంగ అంటున్నాడు, రూలు ఉంది కదా" అన్నాడు. తాపీమేస్త్రి తమ్ముణ్ణి కూర్చోమన్నాడు. మేమూ కూర్చోమన్నాం. గొడవ లేదు కదా, అదే చాలనుకున్నాం. ఆ పై నెల కూడా అంతే. ఆ తర్వాత చూసుకుంటే ఐదుగురు చందా వేయడం మానేశారు. తిట్టలేదు, అడగలేదు, మానేశారంతే. తిట్లు ఉన్నప్పుడు ఒక మనిషి పోయాడు, మర్యాద వచ్చాక ఐదుగురు పోయారు.

అప్పుడు మళ్ళీ చదివాం. ఈసారి వెతికింది వేరు. నిజంగా తప్పు చేసినోడు ఉంటే ఈ మర్యాద రూలు వాడికి గొడుగు కాదా? వీళ్ళ సభలో అలా జరిగిందా?

జరిగింది. 1972 జనవరి 30, ఉత్తర ఐర్లండ్‌లో డెర్రీ ఊళ్ళో ఊరేగింపు మీద సైనికులు కాల్పులు జరిపారు. ఆ రోజే 13 మంది చనిపోయారు. బెర్నడెట్ డెవ్లిన్ అనే ఇరవై నాలుగేళ్ళ ఎంపీ అక్కడే ఉంది, కళ్ళతో చూసింది. మర్నాడు కామన్స్‌లో హోం మంత్రి మాడ్లింగ్ లేచి, సైనికులు తమ మీద కాల్పులు జరిగితేనే తిరిగి కాల్చారన్నాడు. చూసిన మనిషి నిలబడి అడుగుతున్నా ఆమెకి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. ఆమె సభ ఇటు నుంచి అటు నడిచివెళ్ళి మంత్రి చెంప మీద కొట్టింది. కొట్టడం తప్పే, మేము కాదనం. సైట్లో చెయ్యెత్తినోణ్ణి మేమూ ఉంచం. కానీ 2010 జూన్ 15న సావిల్ విచారణ నివేదిక వచ్చింది. కాల్పుల్లో దెబ్బతిన్నవాళ్ళలో ఎవరివల్లా సైనికులకి ప్రమాదం లేదని తేల్చింది. అదే సభలో ప్రధాని కామెరాన్ లేచి క్షమాపణ చెప్పాడు. మధ్యలో 38 ఏళ్ళు పోయాయి. ఆ 38 ఏళ్ళూ చచ్చిపోయిన వాళ్ళ అమ్మానాన్నలు తమ పిల్లల చేతిలో తుపాకీ లేదని చెప్పుకుంటూనే ఉన్నారు. మర్యాద తప్పిందెవరో ఆ రోజే రికార్డయింది, నిజం తప్పిందెవరో రికార్డవ్వడానికి అన్నేళ్ళు పట్టింది.

ఇంకోటి మన కళ్ళ ముందు జరిగిందే. 2021 జూలై 22న డాన్ బట్లర్ అనే ఎంపీ, ప్రధాని బోరిస్ జాన్సన్ మళ్ళీ మళ్ళీ అబద్ధాలు చెప్పాడని సభలో అంది. మాట వెనక్కి తీసుకోమన్నారు, తీసుకోనంది, ఆ రోజుకి బయటికి పంపారు. అబద్ధం చెప్పాడన్న మనిషి లోపల, అన్న మనిషి బయట. అది చూసి మేమూ అప్పట్లో "ఇదేం రూలు" అనుకున్నాం. కానీ కథ అక్కడ ఆగలేదు. ఆ సభ రూల్ పుస్తకం ఎర్స్‌కిన్ మే, 1844 నుంచి వస్తోంది, అందులో ఇంకో దారి ఉంది. తోటి సభ్యుడు కావాలని అబద్ధం చెప్పాడని నడుస్తున్న చర్చలో మధ్యలో అనకూడదు, కానీ దాన్నే తీర్మానంగా పెట్టి విచారణ అడగొచ్చు. 2022 ఏప్రిల్ 21న సభ అదే చేసింది, లాక్‌డౌన్‌లో ప్రధాని ఇంట్లో జరిగిన పార్టీల విషయం కమిటీకి పంపింది. బట్లర్ చెప్పిన అబద్ధాలు వేరు, ఇవి వేరు, ఆ తేడా మర్చిపోవద్దు. కమిటీలో ఏడుగురిలో నలుగురు జాన్సన్ సొంత పార్టీ వాళ్ళే. ఏడాది పైగా కాగితాలు చూశారు, ఆయన్ని కూర్చోబెట్టి అడిగారు. 2023 జూన్ 15న, కావాలనే సభని తప్పుదోవ పట్టించాడని రాశారు. నాలుగు రోజుల తర్వాత సభ 354 ఓట్లతో ఒప్పుకుంది, కాదన్నది 7 ఓట్లు. అప్పటికే ఆయన ఎంపీ పదవి వదిలేసి పోయాడు.

మాకు అర్థమయింది ఇదే. మేము గోడ మీద రాసింది సగం రూలు. "దొంగ" అనొద్దు అన్నాం, లెక్క అడిగితే చూపించి తీరాలి అని రాయలేదు. రెండోది లేకపోతే మొదటిది లెక్క చూసేవాడికి మాత్రమే కాపలా.

ప్లాస్టర్‌బోర్డు మీద చోటు లేక వెనక్కి తిప్పి రాశాం. ఎవరైనా ముగ్గురు చీటీ రాసిస్తే లెక్క తెరవాలి. చూసేది వేరే ఇళ్ళ నుంచి ఇద్దరు, అడిగినోడు ఉండకూడదు, పుస్తకం మోసేవాడు ఉండకూడదు. రెండు వారాల్లో చెప్పాలి. అప్పటిదాకా ఎవరూ ఎవర్నీ ఏమీ అనొద్దు, అడిగారని అలగొద్దు. తేలాక ఎవరు తప్పయితే వాళ్ళు అదే మీటింగులో మాట వెనక్కి తీసుకోవాలి. తీసుకున్నాక మళ్ళీ ఎవడైనా ఎత్తితే వాడు ఆ రోజుకి బయటికి. "ఒక రోజుకేనా" అని కొందరు అన్నారు. ఒక రోజుకే. బయటికి పోయినోడు మళ్ళీ ఆదివారం రావాలి కదా, నెలకి పది పౌండ్లు వాడివి కూడా.

చూస్తే అరవై రెండు పౌండ్లు తేడా వచ్చింది. ముప్పై రెండు పౌండ్లకి ఎయిర్‌పోర్టు రసీదులు రెండు బాబాయ్ కోటు జేబులోనే ఉన్నాయి, మిషన్లో ఉతికి ముద్దయిపోయి. మిగతా ముప్పై ముగ్గురి చందా, తీసుకున్నాడు, రాయలేదు. ఆ డబ్బు ఏమైందో ఆయనకే గుర్తులేదు. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. దొంగతనం కాదు, అలాగని ఏమీ లేదనీ కాదు. తమ్ముడు అడగడం సరైనదే, అన్న మాట సరైనది కాదు.

తమ్ముడు లేచి, "అధ్యక్షా, చిల్లర మాట వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు. బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. రైస్ కుక్కర్ స్విచ్ టక్కుమని పడేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత కిందికి చూస్తూ, "వాళ్ళ అమ్మని అన్నది వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు.

ఐదుగురిలో నలుగురు మళ్ళీ చందా వేస్తున్నారు. పుస్తకం బాబాయ్ దగ్గరే ఉంది, రసీదుల ఫైలు తమ్ముడి దగ్గర. ఇద్దరికీ ఇప్పటికీ నేరుగా మాటల్లేవు. మొన్న ఆదివారం టీ పెడుతూ తమ్ముడు తాపీమేస్త్రి వైపు తిరిగి, "అధ్యక్షా, బాబాయ్‌కి చక్కెర ఎన్ని చెంచాలో కనుక్కోండి" అన్నాడు. బాబాయ్ కూడా ఆయన్నే చూస్తూ, "రెండు అని చెప్పండి అధ్యక్షా" అన్నాడు.